గళ్లు నింపే పజిల్ చేయడం ఎలా: నలుపు కంటే చుక్క ముఖ్యం

గళ్లు నల్లగా నింపుకుంటూ పోతే చివరికి బొమ్మ తేలే పజిల్ ఉంది కదా, ఫోన్లో నోనోగ్రామ్ అనీ పిక్రాస్ అనీ కనిపిస్తుంది, దాన్ని సరదాగా మొదలుపెట్టి సగంలో వదిలేసేవాళ్లు చాలామంది. ఎందుకు వదిలేశారంటే "మాకు లెక్కలు రావు" అంటారు. దీనికి లెక్కలతో పెద్ద పని లేదు, చిన్న చిన్న కూడికలు వస్తే చాలు. ఎక్కువమంది ఆగిపోయేది వేరే చోట: నల్ల గళ్లు మాత్రం శ్రద్ధగా నింపుతారు, ఖాళీ అని తేలిపోయిన గడిని మాత్రం అలాగే వదిలేస్తారు. కాసేపయ్యాక ఏ గడి తేలిన ఖాళీయో, ఏ గడి ఇంకా తేలనిదో వాళ్లకే తెలియదు. కాబట్టి మొదటే చెబుతున్నాను, ఖాళీ అని తేలిన ప్రతి గడిలో చుక్క పెట్టండి. బద్ధకించకండి.

మా ఒడిశా బరంపురం వైపు ఈ పజిల్ ఇంటింటికీ చేరాలని నాకు గట్టిగా ఉంది, దానికి కారణం కూడా ఉంది. ఇక్కడ తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్లు కొందరు, అసలు చదవలేనివాళ్లు కొందరు. అమ్మమ్మ వారపత్రిక తెరిచి గళ్ల నుడికట్టు నింపుతుంటే మనవరాలు పక్కన ఊరికే కూర్చోవాల్సిందే. ఈ పజిల్లో అక్షరం ఒక్కటీ లేదు, అంకెలే. అమ్మమ్మ అడ్డం చూస్తే మనవరాలు నిలువు చూస్తుంది, పక్కింటి ఒడియా పిల్లాడు వచ్చి మధ్యలో వేలు పెట్టినా ఆట ఆగదు. పర్లాకిమిడిలో అయినా, రాయగడలో అయినా ఇలాగే ఉంటుంది.

ఆట పుట్టింది జపాన్లో. 1987లో నోన్ ఇషిదా అనే గ్రాఫిక్స్ ఎడిటర్, ఎత్తైన భవనాల కిటికీల్లో లైట్లు కొన్ని వెలిగించి కొన్ని ఆర్పి బొమ్మలు చూపించే పోటీలో గెలిచింది, ఆ ఆలోచనే తర్వాత పజిల్ అయింది. ఇంచుమించు అదే కాలంలో తెత్సుయా నిషియో అనే ఆయన కూడా విడిగా ఇలాంటిదే తయారుచేశాడు. ఇంగ్లండ్‌లో జేమ్స్ డాల్గెటీ దీనికి ఆవిడ పేరు మీద నోనోగ్రామ్ అని పేరు పెట్టాడు, 1990లో సండే టెలిగ్రాఫ్ పత్రిక వారం వారం వేయడం మొదలుపెట్టింది. అంతకంటే చరిత్ర మనకిప్పుడు అక్కర్లేదు.

బరంపురం పట్టు నేసే దేవాంగుల ఇళ్లలో అంచు డిజైన్‌ని గ్రాఫ్ కాగితం మీద వేసుకోవడం చూసినవాళ్లకి నియమం వెంటనే ఎక్కుతుంది. అక్కడ నింపిన గడి అంటే ఆ చోట దారం పైకి లేవాలి, నింపని గడి అంటే లేవకూడదు, అలా వరుస వెంట వరుస పడి గోపురం ఆకారపు కుంభం తేలుతుంది. ఇక్కడా అంతే, కాకపోతే డిజైన్ ముందే గీసి ఇవ్వరు, ఏ వరుసలో ఎన్ని గళ్లు వరసగా నిండాలో అంకెలు మాత్రం ఇస్తారు. అడ్డం వరుస పక్కన "3 4" అని ఉంటే, ఆ వరుసలో ఎక్కడో మూడు నల్ల గళ్లు ఆనుకుని ఒక ముక్కగా ఉన్నాయి, దాని తర్వాత కనీసం ఒక ఖాళీ, ఆ తర్వాత నాలుగు గళ్ల ముక్క. వాటి క్రమం మారదు, 3 ఎప్పుడూ ఎడమనే. నిలువు వరుసల పైన ఉన్న అంకెలు కూడా అలాగే, పై నుంచి కిందికి చదవాలి. నియమాలు ఇంతే.

కాగితం మీద నేర్చుకోండి అంటాను. పిల్లల లెక్కల గళ్ల పుస్తకం, పెన్సిల్, రబ్బరు ఉంటే సరి. ఫోన్ యాప్‌లు కొన్ని తప్పు గడి నొక్కగానే ఎర్రగా చూపించేస్తాయి, వరుస పూర్తవగానే చుక్కలు వాటంతట అవే పెట్టేస్తాయి. హాయిగానే ఉంటుంది కానీ నేర్చుకోవాల్సిన పని యాప్ చేసేస్తుంటే మనకి ఏం వస్తుంది? పైగా మాది తుఫాన్లు వచ్చే తీరం. 2013 అక్టోబర్లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, అలాంటప్పుడు కరెంటూ సిగ్నలూ రెండూ ఉండవు, గళ్ల పుస్తకం మాత్రం ఉంటుంది.

పుస్తకంలోకి పజిల్ ఎక్కించుకునేటప్పుడు ఒక సరిచూపు చేసుకోండి. అడ్డం అంకెలన్నీ కూడండి, నిలువు అంకెలన్నీ కూడండి, రెండూ సమానంగా రావాలి, ఎందుకంటే రెండు వైపులా లెక్కపెడుతున్నది అవే నల్ల గళ్లని. తేడా వచ్చిందంటే ఎక్కించడంలో ఏదో అంకె తప్పింది. గంటసేపు టెన్షన్ పడ్డాక తెలుసుకునే కంటే ముందే తెలిస్తే మేలు.

మిగులు లెక్క

ఇప్పుడు అసలు పని. పది గళ్ల వరుస, అంకెలు 3 4. మూడు, మధ్యలో ఒక ఖాళీ, నాలుగు, మొత్తం ఎనిమిది గళ్లు తప్పనిసరిగా పోతాయి. పదిలో ఎనిమిది పోతే రెండు. దీన్ని నేను మిగులు అంటాను. ముక్కలు అటూ ఇటూ జరగడానికి ఉన్న చోటు అంతే. మిగులు కంటే పెద్దదైన ఏ అంకెకైనా కొన్ని గళ్లు ఇప్పుడే, ఇంకేమీ చూడకుండానే, నలుపని చెప్పేయొచ్చు: అంకెలోంచి మిగులు తీసేస్తే ఎన్ని గళ్లో వస్తుంది. 3లో 2 పోతే ఒకటి, 4లో 2 పోతే రెండు.

ఆ గళ్లు ఎక్కడంటే, ముక్కలన్నిటినీ ఎడమ గోడకి నెట్టి ఊహించుకోండి: 3 అంకె ముక్క ఒకటి నుంచి మూడో గడి దాకా, 4 అంకె ముక్క ఐదు నుంచి ఎనిమిది దాకా. ఇప్పుడు కుడి గోడకి నెట్టండి: మొదటిది మూడు నుంచి ఐదు, రెండోది ఏడు నుంచి పది. మొదటి ముక్క రెండు సార్లూ కప్పింది మూడో గడిని. రెండో ముక్క రెండు సార్లూ కప్పింది ఏడు, ఎనిమిది గళ్లని. ఆ మూడూ నలుపు చేసేయండి.

కొత్తవాళ్లు ఇక్కడే ఐదో గడిని కూడా నింపేస్తారు, ఎడమకి నెట్టినప్పుడూ కుడికి నెట్టినప్పుడూ అది నలుపే కదా అని. నలుపే, కానీ ఒకసారి దాన్ని కప్పింది 4 అంకె ముక్క, ఇంకోసారి 3 అంకె ముక్క. ఒకే ముక్క రెండు సార్లూ కప్పితేనే లెక్కలోకి వస్తుంది. 3 అంకె ముక్కని రెండో గడి నుంచి, 4 అంకె ముక్కని ఆరో గడి నుంచి పెట్టి చూడండి, ఐదోది ఖాళీగా ఉంటుంది, వరుస నియమం మాత్రం తప్పలేదు. ఈ ఒక్క తేడా పట్టుబడితే సగం పజిల్ వచ్చినట్టే.

వరుసలో ఒకే అంకె, 7 అనుకోండి, పదిలో మిగులు మూడు, కాబట్టి నాలుగు గళ్లు ఖాయం, మధ్యలో ఉన్న నాలుగు నుంచి ఏడు. అదే "2 1 3" అయితే మధ్య ఖాళీలతో కలిపి ఎనిమిది, మిగులు రెండు, 3 అంకె ఒక్కటే మిగులు కంటే పెద్దది, దానికి ఎనిమిదో గడి ఒక్కటి దొరుకుతుంది. 2కీ 1కీ ఇప్పటికి ఏమీ లేదు, వదిలేయండి. మొదట పజిల్ మొత్తం మీద మిగులు తక్కువ ఉన్న వరుసలే వెతకండి. మిగులు సున్నా అయితే వరుస మొత్తం అక్కడికక్కడే అయిపోతుంది. పెద్ద అంకె కనిపించగానే దాని మీద పడిపోకండి, పదిలో ఒంటరిగా ఉన్న 6 కంటే "2 2 2 1" చాలా మంచిది, కూడి చూడండి, ఏడూ మూడు ఖాళీలూ కలిపి సరిగ్గా పది.

చిన్నది ఒకటి పూర్తిగా చేద్దాం

ఐదు గళ్లు అడ్డం, ఐదు నిలువు. అడ్డం వరుసలకి పై నుంచి కిందికి: 1, తర్వాత 3, తర్వాత 5, తర్వాత 1 1, చివరికి 2 2. నిలువు వరుసలకి ఎడమ నుంచి కుడికి: 1 1, తర్వాత 4, తర్వాత 3, తర్వాత 4, చివరికి 1 1. కూడి చూస్తే అటూ పదిహేనే, ఇటూ పదిహేనే. ముందుకు వెళ్లొచ్చు.

మూడో అడ్డం 5, మొత్తం నలుపు. ఐదో అడ్డం 2 2, మధ్యలో ఒక ఖాళీతో సరిగ్గా ఐదు, మూడో గడిలో చుక్క, మిగతా నాలుగూ నలుపు. ఇప్పుడు మొదటి నిలువు చూడండి, అంకెలు 1 1, మూడో గడీ ఐదో గడీ ఇప్పటికే నలుపయ్యాయి, అంటే దాని పని అయిపోయింది, మిగిలిన మూడు గళ్లలో చుక్కలు పెట్టేయండి. ఐదో నిలువు కూడా అంతే. రెండో నిలువు 4. మూడో గడి, ఐదో గడి నలుపు, ముక్క ఒకటే కాబట్టి మధ్యలో నాలుగోదీ నలుపే, మూడు అయ్యాయి, కింద గోడ ఉంది, నాలుగోది పైకే పెరగాలి, రెండో గడి నలుపు, మొదటి గడిలో చుక్క. నాలుగో నిలువు దీనికి అద్దం లాంటిదే.

ఇక మిగిలింది మధ్య నిలువు, అంకె 3. ఇందులో మనకి తెలిసిన నలుపు మధ్య గడి ఒక్కటే. నలుపులు మాత్రమే నింపుకుంటూ వచ్చినవాళ్లు ఇక్కడ ముక్క పైకి పోతుందా కిందికి పోతుందా అని ఆలోచిస్తూ కూర్చుంటారు. చుక్కలు పెట్టినవాళ్లకి ఐదో గడిలో చుక్క ముందే ఉంది. నాలుగో అడ్డం 1 1కి రెండో గడీ నాలుగో గడీ వచ్చేశాయి కాబట్టి అక్కడ మధ్య గడిలోనూ చుక్కే. కింద రెండూ మూసుకుపోయాయి, ఇక మూడు గళ్లూ పైనే.

· · ■ · ·
· ■ ■ ■ ·
■ ■ ■ ■ ■
· ■ · ■ ·
■ ■ · ■ ■

పట్టు చీర అంచు మీద గుడి గోపురం లాంటిది తేలింది. ఇందులో ఎక్కడా ఊహించలేదు, ప్రతి గడికీ కారణం ఉంది. పిల్లలకి నేర్పేటప్పుడు నేను అడిగేది అదొక్కటే. "మావయ్యా, ఇది నలుపేనా?" అని అడిగితే "నలుపే అని నీకెలా తెలిసింది, చెప్పు" అంటాను. చెప్పగలిగితే నింపొచ్చు. "అలా అనిపిస్తోంది" అంటే పెన్సిల్ కింద పెట్టేయాలి.

గోడలూ, చుక్కలూ

మిగులు లెక్కతో మొదలయ్యాక పని గోడల దగ్గర నడుస్తుంది. వరుసలో మొదటి అంకె 4, మొదటి గడే నలుపు అని నిలువు నుంచి తెలిసింది. అయితే మొదటి నాలుగూ నలుపు, ఐదోది చుక్క. ఈ చుక్క మర్చిపోవద్దు, అది కింద నిలువు వరుసకి పనికొస్తుంది. అదే రెండో గడి నలుపైతే? ముక్క మొదటి గడి నుంచి మొదలై ఉండాలి, లేదా రెండో గడి నుంచి. ఎలా అయినా రెండు, మూడు, నాలుగు గళ్లు నలుపు. ఐదో గడి, మొదటి గడి తేలలేదు, ఆరో గడి కూడా తేలలేదు, అక్కడ తొందరపడి చుక్క పెట్టకండి, ఎందుకంటే ముక్క మొదటి గడి నుంచే మొదలైతే ఆరో గడి నుంచి తర్వాతి ముక్క రావొచ్చు. మూడో గడి నలుపైతే మూడు, నాలుగు. గోడకి దూరమయ్యేకొద్దీ దొరికేది తగ్గుతుంది.

చుక్క పెట్టాక అది కూడా ఒక గోడే. ఆరో గడిలో చుక్క పడితే, ఏడో గడి నుంచి కొత్త వరుస మొదలైనట్టే చూడాలి, ఇప్పుడు చెప్పిన లెక్కంతా మళ్లీ అక్కడ పనిచేస్తుంది. రెండు చుక్కల మధ్య రెండే గళ్ల సందు ఉండి, ఆ వరుసలో అన్నిటికంటే చిన్న అంకె 3 అయితే, ఆ సందులో ఏ ముక్కా పట్టదు, రెండిట్లోనూ చుక్కలే. ఆ చుక్కలు నిలువు వరుసల్లో మళ్లీ గోడలవుతాయి. పెద్ద పజిళ్లు ఇలాగే కదులుతాయి, ఒక చుక్కతో ఇంకో చుక్క. పదిహేను గళ్ల పజిల్లో ఎక్కడా దారి లేదనిపిస్తే నలుపుల వైపు చూడడం ఆపి, ఈ సందులు వెతకండి.

ఒక వరుసలో కొత్తగా ఏదైనా పడినప్పుడల్లా దాన్ని అడ్డంగా దాటే వరుసలు మాత్రమే మళ్లీ చూస్తే చాలు. మొత్తం పజిల్ పై నుంచి మళ్లీ చదువుకుంటూ వస్తే అలసిపోతారు.

ఊహ వేరు, పరీక్షించడం వేరు

కొన్ని కష్టమైన వాటిలో ఒక్కొక్క వరుసే చూస్తే ఏమీ తేలదు, రెండు వరుసలు కలిపి చూడాలి. పై గోడని ఆనుకున్న మొదటి అడ్డం 3, దాని కింద రెండో అడ్డం ఒకే అంకె, 6 అనుకోండి. మొదటి మూడు నిలువు వరుసల పైన మొదటి అంకెలు 2, 1, 2. పై వరుసలో 3 అంకె ముక్కని మొదటి మూడు గళ్లలో పెడితే ఏమవుతుంది? ఆ నిలువులు మూడూ పై గోడ నుంచే మొదలైనట్టు, అంటే రెండో వరుసలో మొదటి గడి నలుపు, రెండోది ఖాళీ, మూడోది నలుపు. కానీ రెండో వరుస ఒకటే ముక్క, మధ్యలో ఖాళీ కుదరదు. కాబట్టి ముక్క అక్కడ ఉండదు. అలాగని మొదటి మూడు గళ్లూ ఒకేసారి కొట్టేయకూడదు, ముక్క రెండో గడి నుంచి మొదలవ్వొచ్చు. అది మొదటి గడి నుంచి మొదలవ్వదని కదా తేలింది, అందుకని మొదటి గడిలో మాత్రం చుక్క.

ఇది ఊహించడం కిందికి రాదు. పెన్సిల్ మొన గడి మీద ఆనించి, గీయకుండా, ఒక్క అడుగు ముందుకు చూసి, కుదరకపోతే చుక్క పెట్టడం. రెండు మూడు అడుగుల దాకా మనసులో పట్టుకోగలిగితే పట్టుకోండి, అంతకు మించి వద్దు. "నలుపే అనుకుందాం" అని నింపేసి పది గళ్లు ముందుకు పోతే, తేడా వచ్చినప్పుడు ఏది నిజం ఏది ఊహ అన్నది తెలియకుండా పోతుంది, మొత్తం చెరపాల్సి వస్తుంది. నోనోగ్రామ్ ఎలాంటిది ఇచ్చినా వేగంగా విప్పేసే పద్ధతి కంప్యూటర్లకి కూడా ఇంతవరకు దొరకలేదు, ఇది ఎన్‌పీ-కంప్లీట్ (అలా వేగంగా విప్పే దారి ఏదీ తెలియని లెక్కల జాతి) అని 1996లోనే నిరూపించారు. కానీ శ్రద్ధగా తయారుచేసి అచ్చువేసే పజిళ్లు ఒకే జవాబు వచ్చేలా, తర్కంతో తేలేలా సరిచూసినవే ఉంటాయి. ఊహించాల్సి వస్తోందంటే చాలాసార్లు ఎక్కడో చుక్క తప్పిపోయిందని.

వరుసలో అంకెకి సరిపడకుండా గళ్లు నిండిపోతే, తప్పు ఆ వరుసలోనే ఉంటుందని అనుకోవద్దు. దాన్ని దాటే వరుసలు ఒక్కొక్కటీ సరిచూడండి, ముఖ్యంగా ఆఖరున నింపినవి.

నూరికాబే, హితోరి

బొమ్మ రాని గళ్ల పజిళ్లు కూడా ఉన్నాయి, జపాన్ ప్రచురణ సంస్థ నికోలీ నుంచి వచ్చిన ఈ రెండూ నాకు చాలా ఇష్టం. నూరికాబేలో కొన్ని గళ్లలో అంకెలుంటాయి, ఒక్కో అంకె ఒక తెల్ల దీవి, దానిలో అన్ని గళ్లుండాలి, ఒక దీవిలో ఒకే అంకె. దీవులు పక్కపక్కన తగలకూడదు, మూలలు తగలొచ్చు. మిగతా నలుపంతా ఒకే నీరులా కలిసి ఉండాలి, ఎక్కడా రెండు బై రెండు నల్ల చదరం రాకూడదు. మొదలుపెట్టడం తేలిక: 1 ఉన్న చోట చుట్టూ నాలుగు పక్కలూ నలుపు. రెండు అంకెల మధ్య ఒకే గడి ఉంటే అది నలుపు. రెండు అంకెలు మూలమూలగా ఉంటే రెంటికీ ఆనుకున్న గళ్లు రెండూ నలుపు. ఆ తర్వాత ఏ అంకె నుంచీ అందని గళ్లు వెతికి నింపండి, మూడు నలుపులు పడిన చదరంలో నాలుగోది తెలుపని గుర్తు పెట్టండి. నల్ల ముక్క ఏదైనా ఇరుక్కుపోయి ఒకే దారి మిగిలితే ఆ దారి నలుపు. ఇక్కడా తెలుపని తేలిన గడిలో చుక్క పెట్టకపోతే పని జరగదు.

హితోరిలో గళ్లన్నీ అంకెలతో నిండి ఉంటాయి, ఒక వరుసలో ఒకే అంకె రెండుసార్లు మిగలకుండా కొన్నిటిని నలుపు చేయాలి, నలుపులు పక్కపక్కన రాకూడదు, మిగిలిన తెల్ల గళ్లన్నీ కలిసే ఉండాలి. 5, 2, 5 అని వరసగా ఉంటే రెండు 5లలో ఒకటి ఎలాగూ పోవాలి, అందుకని మధ్యలో 2 ఉండిపోతుంది, దాని చుట్టూ సున్నా చుట్టండి. 4, 4 పక్కపక్కన ఉంటే రెండూ నలుపవ్వలేవు, ఒకటి మిగులుతుంది, కాబట్టి అదే వరుసలో ఇంకెక్కడ 4 ఉన్నా నలుపే. ఒకటి నలుపు చేయగానే దాని నాలుగు పక్కలా సున్నాలు.

వీటిలో చేయి తిరిగినవాళ్లకి పోటీలు కూడా ఉన్నాయి, ప్రపంచ పజిల్ చాంపియన్‌షిప్ 2017లో బెంగళూరులోనే జరిగింది.

మీరే తయారుచేస్తే

గళ్ల పుస్తకంలో పిల్లల చేత బొమ్మ వేయించండి, పక్కన అంకెలు రాయించండి, ఆ అంకెలు మాత్రం ఇంకో కాగితం మీదకి ఎక్కించి ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి. ఇచ్చే ముందు తయారుచేసినవాళ్లే ఒకసారి అంకెల నుంచి విప్పి చూడాలి, ఎందుకంటే కొన్ని బొమ్మలకి రెండు జవాబులు వస్తాయి. రెండు బై రెండు చదరంలో మూలమూలగా రెండు గళ్లు నింపితే అడ్డం 1, 1, నిలువు 1, 1. ఎదురు మూలలు నింపినా అవే అంకెలు! పెద్ద బొమ్మలో ఇలాంటి జంట ఎక్కడైనా తటస్థపడితే ఆ చోట మూడో గడి ఒకటి నలుపు చేసి, అంకెలు మార్చి, మళ్లీ విప్పి చూడండి.